నిషికి వీధి కూరగాయల వర్తకుడు: ఇతో జాకుచూ చిత్రకళ

సభకు నమస్కారం.

జపాన్ చిత్రకారుల్లో కొందరిని వింత కళాకారులుగా ఒక వరుసలో చేర్చి చూడటం, 1970లో కళాచరిత్రకారుడు త్సుజి నోబుయో రాసిన పుస్తకంతో స్థిరపడింది. ఆ వరుసలో నేడు ఎక్కువగా వినబడే పేరు ఇతో జాకుచూ (1716–1800). వింత అనగానే ఇల్లూ వాకిలీ పట్టని దేశదిమ్మరి మన కళ్ళముందు మెదులుతాడు. జాకుచూ జీవితం అలాంటిది కాదు. ఆయన వింతంతా చూపులో ఉందని నా అభిప్రాయం.

క్యోటో నగరం నిషికి వీధిలో కూరగాయల టోకు వర్తకుడి పెద్దకొడుకు ఆయన. 23వ ఏట తండ్రి పోవడంతో కొట్టు బాధ్యత మీద పడింది. పెళ్ళి చేసుకోలేదు. 40వ ఏట వ్యాపారం తమ్ముడికి అప్పగించి కుంచె పట్టుకు కూర్చున్నాడు. షోకోకుజి మఠానికి చెందిన జెన్ శాఖ బౌద్ధ భిక్షువు దైతెన్ ఆయన ఆప్తమిత్రుడు. ఆ భిక్షువు రాసిపెట్టిన దాని ప్రకారం, చైనా పాత చిత్రాలకు ఎన్ని నకళ్ళు తీసినా అది ఒకరు గీసినదాన్ని తిరిగి గీయడమేనని తోచి, జాకుచూ పెరట్లో పదుల కొద్దీ కోళ్ళను పెంచి, ఏళ్ళ తరబడి వాటి తీరుతెన్నులు గమనిస్తూ బొమ్మలు వేశాడు.

ఆ సాధన ఫలమే సుమారు పదేళ్ళు శ్రమించి పట్టువస్త్రం మీద గీసిన 30 చిత్రాలు. కోళ్ళు, చేపలు, పురుగులు, పూలు వాటి వస్తువులు. శాక్యముని బుద్ధుణ్ణి, మంజుశ్రీ, సమంతభద్ర బోధిసత్త్వులను చూపే మూడు చిత్రాలకు ఇరువైపులా వేలాడదీయడానికి వాటిని మఠానికి సమర్పించాడు. 1889లో అవి రాజకుటుంబానికి చేరాయి. మరమ్మతు సమయంలో జరిపిన పరీక్షలు ఆయన పనితనాన్ని బయటపెట్టాయి. ఒక చిత్రంలోని తెల్లని ఫీనిక్స్ పక్షి ఈకలు బంగారు పూత పూసినట్టు మెరుస్తాయి, కానీ అందులో బంగారం రవ్వంతైనా లేదు. పట్టు వెనకవైపు పసుపు మట్టిరంగు పూసి, ముందువైపు ఆల్చిప్పల పొడితో చేసిన తెల్లరంగుతో ఒక్కొక్క ఈకనూ సన్నని గీతలుగా దిద్దడంతో, నేతలోంచి తొంగిచూసే పసుపుదనమే మన కంటికి బంగారమై కనిపిస్తుంది.

ఆయన లోకాన్ని మరచిన మనిషని చాలాకాలం అనుకున్నారు. ఆ మాట పూర్తిగా నిజం కాదు. 1771 చివర్లో పోటీ మార్కెట్ ఎత్తుగడల వల్ల నిషికి మార్కెట్ మూతపడే పరిస్థితి వచ్చినప్పుడు, అధికారులతో పట్టువిడవక సంప్రదింపులు జరిపి, సరుకు తెచ్చే రైతుల మద్దతు కూడగట్టి, 1774లో తిరిగి అనుమతి వచ్చేదాకా నిలబడినవాడు ఈ చిత్రకారుడే.

1788లో క్యోటోను దహించిన మంటల్లో ఆయన ఇల్లు కూడా కాలిపోయింది. ముసలితనంలో బియ్యం తీసుకుని బొమ్మలు గీసి ఇచ్చాడు.

ఆయన గీసిన కూరగాయల నిర్వాణం ఒకటుంది, కేవలం నల్లసిరాతో. కుశీనగరంలో నిర్వాణ వేళ సాలవృక్షాల మధ్య బుద్ధుడు పడుకున్న తీరున, బోర్లించిన బుట్ట మీద చీలిన ముల్లంగి ఒకటి పడుకుని ఉంటుంది. చుట్టూ గుమ్మడి, వంకాయ, పుట్టగొడుగులు దుఃఖిస్తుంటాయి. సాలవృక్షాల స్థానంలో మొక్కజొన్న మొక్కలు నిలుచుంటాయి. దీన్ని కొందరు హాస్యమంటారు. ముల్లంగి అమ్మిన డబ్బుతో తిని పెరిగినవాడు, గడ్డిపోచకైనా బుద్ధత్వం ఉందని నమ్మిన మతంలో జీవించినవాడు దాన్ని పరిహాసానికి గీశాడంటే నాకు నమ్మబుద్ధి కాదు.