మందు ఉచితమే, మరి దారిఖర్చులు?

శ్రోతలకు నమస్కారం. క్యాన్సర్‌కు కనిపెట్టిన కొత్త మందును అందరికీ వాడే ముందు, కొందరు రోగుల సమ్మతితో వారిపై పరీక్షించి చూడడాన్ని క్లినికల్ ట్రయల్ అంటారు. పరీక్షలో ఉన్న మందుకు సాధారణంగా రోగి డబ్బు కట్టనక్కరలేదు. అయితే శ్రీకాకుళం జిల్లా పల్లె నుంచి హైదరాబాదుకు రావలసిన కుటుంబాన్ని కుంగదీసేవి రాకపోకల ఖర్చు, ఆసుపత్రి దగ్గర అద్దెగది, తోడు వచ్చిన మనిషి పోగొట్టుకునే కూలి. పైగా ట్రయల్‌లో రక్తపరీక్షలు, స్కాన్లు తరచుగా ఉంటాయి కనుక ప్రయాణాలూ పెరుగుతాయి.

మన దేశంలో 2019లో వచ్చిన కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నియమావళి ప్రకారం, ట్రయల్ కారణంగా రోగికి హాని జరిగితే ఉచిత వైద్యంతో పాటు పరిహారమూ ఇవ్వాలి. రోగి పెట్టుకోవలసిన ఖర్చు ఏదైనా ఉంటే దానిని, అతనికి ముట్టే సొమ్ము ఏదైనా ఉంటే దానిని సమ్మతి పత్రంలో తెలపాలి. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలైతే పోయిన కూలికి, ఇతర చిల్లర ఖర్చులకు కూడా డబ్బు ఇవ్వవచ్చునన్నాయి. ఇవ్వవచ్చును అన్నాయే గాని, ఇచ్చి తీరాలని కాదు.

డబ్బు ఇస్తే పేదవారు ఆశపడి ప్రమాదానికి ఒప్పుకుంటారేమోనన్న సంకోచం, ట్రయల్స్‌ను పరిశీలించి అనుమతించే నైతిక సంఘాలకు ఉండడం సహజమే. కాని టికెట్టుకు పెట్టిన సొమ్మును తిరిగి ఇవ్వడం ప్రలోభం ఎలా అవుతుంది? ప్రయాణానికీ బసకూ అయిన ఖర్చు చెల్లించడాన్ని ప్రలోభంగా చూడనక్కరలేదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018 జనవరిలో స్పష్టం చేసింది. నన్నడిగితే, బిల్లులు చూపాకనే ఇస్తామనడం కూడా సరికాదు. ముందుగా పెట్టడానికి చేతిలో డబ్బు లేనివారికే కదా ఈ సాయం, పైగా ఆటోలో వస్తే రశీదు ఎక్కడిది? కొంత సొమ్ము ముందే ఇవ్వాలి, మామూలు రక్తపరీక్షలు రోగి ఊరికి దగ్గరలోనే చేయించాలి.

చికిత్సకు వెళ్లే క్యాన్సర్ రోగికి రైలు స్లీపర్, థర్డ్ ఏసీ తరగతులలో పూర్తి రాయితీ, తోడు వెళ్లేవారికి 75 శాతం రాయితీ ఉన్నాయి. ఇందుకు ఆసుపత్రి ధ్రువపత్రం కావాలి. ట్రయల్‌కు ఒప్పుకునే ముందు ఎన్నిసార్లు రావాలో, దారిఖర్చులు ఎవరివో, ఎప్పుడు చేతికి వస్తాయో వైద్యులను అడిగి, ఆ సంగతి తెలుగు సమ్మతి పత్రంలో ఉందో లేదో చదివించుకుని సంతకం చేయండి. ఆ పత్రం ప్రతిని మీకు ఇవ్వడం వారి విధి.