కొత్త దేశంలో ఇల్లు, ఇక్కడి పొలం

సభలో ఉన్న పెద్దలకు, తల్లులకు, సెలవులకు ఊరు వచ్చిన పిల్లలకు నమస్కారం.

మన కోనసీమలో ఎవరి పిల్లలైనా విదేశం వెళ్లారంటే, ఉద్యోగం సంగతి అడిగిన వెంటనే అక్కడ ఇల్లు కొన్నారా అని అడుగుతున్నాం. పెళ్లి సంబంధాలలో కూడా ఆ ప్రశ్న ముందుకు వస్తోంది. అద్దె ఇంట్లో ఉన్నవాడు ఇంకా కుదురుకోలేదనే భావన ఇక్కడి నుంచి ఫోన్ల మీదుగా అక్కడికి చేరి, వెళ్లి రెండేళ్లయినా కాని దంపతులను అప్పులోకి దింపుతోంది. పరాయి దేశంలో ఇల్లు, అక్కడ నిలిచి ఉండే హక్కు ఖాయమయ్యాక కొనవలసిన వస్తువని మీకు చెప్పడానికే వచ్చాను.

వలస వెళ్లి ఆస్తి కొనడం మనకు కొత్త కాదు. నిజాంసాగర్ కింద నిజామాబాదు ప్రాంతానికీ, తుంగభద్ర ఆయకట్టులో సింధనూరు, గంగావతి వైపుకూ ఈ డెల్టా నుంచి రైతులు తరలివెళ్లారు. కన్నడ సీమలో వారి ఊళ్లను నేటికీ క్యాంపులనే పిలుస్తారు. ఇక్కడ అర ఎకరం కొనాలన్నా అది ఏ కాలువ కింద ఉంది, పొలానికి నీరు తెచ్చే బోదె ఎవరి చేల మీదుగా వస్తుంది, కాలువ చివరనున్న శివారుకు దాళ్వాకు, అంటే రెండో పంటకు, నీరు అందుతుందా అని విచారిస్తాం, పాత లింకు దస్తావేజులు, భూమి మీద తాకట్లు, లావాదేవీలు చూపే ఈసీ తెప్పించి చదివిస్తాం. అంత జాగ్రత్త తెలిసిన కుటుంబాలు అమెరికాలో ఒక్క శనివారం ఇల్లు చూసి, ఆ సాయంత్రమే ధర చెప్పి రావడం నాకు బాధ కలిగిస్తుంది.

అమెరికాలో హెచ్‌-1బీ ఉద్యోగ వీసా మొదట మూడేళ్లకు ఇస్తారు, ఇంటి రుణం సాధారణంగా ముప్పై ఏళ్లకు ఉంటుంది. ఉద్యోగం పోతే దేశంలో ఉండి మరొకటి వెతుక్కోవడానికి గరిష్ఠంగా 60 రోజుల గడువు ఉంటుంది. శాశ్వత నివాసానికి అనుమతినిచ్చే గ్రీన్‌కార్డు వరుసలో భారతీయులు ఎన్నేళ్లుగా నిలబడి ఉన్నారో ఈ సభలో చాలామందికి తెలుసు. దేశం విడిచినా ఇంటి మీద హక్కు పోదు, నిజమే. అయితే అద్దెకిచ్చి దూరం నుంచి చూసుకోవాలి, లేదా తొందరపడి అమ్ముకోవాలి. నాలుగు లక్షల డాలర్ల అప్పు 6.5 శాతం వడ్డీకి తీసుకుంటే నెల వాయిదా సుమారు 2,528 డాలర్లు. ఐదేళ్లలో లక్షా యాభై వేల డాలర్లకు పైగా కట్టినా అసలులో తగ్గేది సుమారు 25,500 మాత్రమే. ఆ దశలో అమ్మవలసి వస్తే కొన్న ఖర్చులు, అమ్మే ఖర్చులు కలిసి ఆ కొంచెం కూడా మిగలనివ్వకపోవచ్చు. అద్దె దండగ అనే మన మాటను ఈ అంకెల పక్కన పెట్టి చూడండి.

వాయిదాతో ఖర్చు ఆగదు. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు కాని ఇంటి పన్ను ఎక్కువ; ఏటా ఇంటి విలువలో రెండు శాతం చొప్పున చూసినా నాలుగు లక్షల ఇంటికి ఎనిమిది వేల డాలర్లు. బీమా, కాలనీ సంఘపు రుసుము దానికి అదనం. డాలస్ చుట్టుపక్కల నేల చాలాచోట్ల తడిస్తే ఉబ్బి, ఎండితే బీటలు వారే బంకమట్టి కాబట్టి పునాదులు కదలడం అక్కడ తెలిసిన సమస్యే. ఇంటిని నిపుణుడి చేత తనిఖీ చేయించే హక్కును, కొనేవారి మధ్య పోటీలో నెగ్గడం కోసం, ఎంతమాత్రం వదులుకోవద్దు. తూర్పు ముఖం కోసం వేల డాలర్లు ఎక్కువ ఇచ్చేవారు తనిఖీకయ్యే కొన్ని వందల దగ్గర వెనుకాడకూడదు.

కెనడాలో 2023 జనవరి 1 నుంచి విదేశీయుల గృహ కొనుగోళ్లపై నిషేధం ఉంది. వర్క్ పర్మిట్‌లో 183 రోజులైనా మిగిలి ఉన్నవారికి ఒక ఇంటి వరకు మినహాయింపు ఇచ్చారు. ఆస్ట్రేలియా 2025 ఏప్రిల్ 1 నుంచి తాత్కాలిక వీసాదారులతో సహా విదేశీయులు పాత ఇళ్లు కొనడాన్ని, కొద్ది మినహాయింపులతో, ఆపివేసింది. ఇలాంటి నిబంధనలు మారుతూ ఉంటాయి గనుక బయానా ఇచ్చే రోజున మళ్లీ చూసుకోవాలి.

ఇప్పుడు పొలం దగ్గరకు వద్దాం. మొదటి చెల్లింపు కోసం ఇక్కడ ఎకరమో రెండెకరాలో అమ్మడం మన ఇళ్లలో మామూలైపోయింది. పల్లెలోని వ్యవసాయ భూమి అమ్మితే మూలధన లాభంపై పన్ను లేదు. పట్టణ పరిసరాల్లో మాత్రం దూరం చూస్తారు. 2011 లెక్కల జనాభా ప్రకారం అమలాపురం పురపాలక హద్దు నుంచి రెండు కిలోమీటర్ల లోపు, భీమవరం నుంచి ఆరు కిలోమీటర్ల లోపు ఉన్న చేనుకు ఆ వెసులుబాటు వర్తించదు. రిజిస్ట్రేషన్ విలువకూ అసలు ధరకూ మధ్య తేడాను నగదుగా పుచ్చుకునే అలవాటు ఇక్కడే అడ్డం తిరుగుతుంది. స్థిరాస్తి లావాదేవీలో 20,000 రూపాయలు, అంతకు మించి నగదు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది. ఆ నగదు బ్యాంకు గడప దాటి విదేశం చేరదు, అక్కడి రుణదాత డబ్బు మూలం అడిగినప్పుడు చూపడానికి కాగితమూ ఉండదు.

సక్రమమైన దారి తేలికైనదే. నివాసి అయిన ఒక్కొక్కరు ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్ల వరకు పంపవచ్చు. పది లక్షల రూపాయలు దాటిన మొత్తంపై బ్యాంకు 20 శాతం పన్ను ముందుగా వసూలు చేస్తుంది: తండ్రి ఒక్కడే 50 లక్షలు పంపితే 8 లక్షలు. తల్లిదండ్రులు ఇద్దరికీ ఆ పది లక్షల పరిమితి వేర్వేరుగా ఉంటుంది కాబట్టి భూమి ఇద్దరిదీ అయితే భారం తగ్గుతుంది. అలా ముందుగా వసూలైన పన్ను పోదు, రిటర్ను దాఖలు చేసి వాపసు పొందవచ్చు. వ్యవసాయ ఆదాయం తప్ప మరొకటి లేక ఎన్నడూ రిటర్ను వేయని రైతులు ఇది తెలియక నష్టపోకూడదు.

అమ్మబోయే భూమిలో ఆడపిల్ల వాటా గురించి తప్పక మాట్లాడాలి. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కుమార్తెలకు సమాన హక్కును మన రాష్ట్రం 1986 నాటి సవరణతో, కేంద్రం 2005లో దేశమంతటికీ గుర్తించాయి. పిత్రార్జితం అమ్మి కుమారుడి ఇంటికి పంపేటప్పుడు కుమార్తె సంతకం ఒక తంతులా తీసుకోవడం అన్యాయం. ఆమె వాటా ఎంతో లెక్కగట్టి, ఆమెకు ముట్టజెప్పిన తరువాతే మిగిలిన దాని మాట ఎత్తాలి. విదేశంలో ఉన్న కుమారుడు తన వాటా అమ్మేసి, రేపు తిరిగి వచ్చి మళ్లీ చేను కొందామనుకుంటే, ప్రవాస భారతీయుడిగా ఉన్నంతకాలం వ్యవసాయ భూమి కొనడానికి అనుమతి లేదన్న సంగతి కూడా అమ్మకముందే అతనికి తెలియాలి. వారసత్వంగా వచ్చినది మాత్రం ఉంచుకోవచ్చు.

డబ్బు ఇచ్చిన కృతజ్ఞతతో పిల్లలు తల్లిదండ్రుల పేరు కూడా దస్తావేజులో చేర్చడం నేను ఎరుగుదును. ఆ మరునాటి నుంచి విదేశీ ఆస్తిని ఏటా ఇక్కడి రిటర్నులో చూపడం మీ బాధ్యత. చూపకపోతే 2015 నాటి నల్లధన చట్టం కింద పది లక్షల రూపాయల జరిమానా పడవచ్చు. అమెరికాలో నివాసం లేని యజమాని మరణిస్తే అక్కడి ఆస్తిపై వారసత్వ పన్నుకు మినహాయింపు 60,000 డాలర్లు మాత్రమే. డబ్బును బహుమతి పత్రం మీద ఇవ్వండి, ఆ నకలు రుణదాతకూ అవసరమే. ఇల్లు అందులో ఉండేవారి పేరుననే రాయించండి.