వేడి ప్లాస్టిక్, టీకాలు, తల్లిపాలు: డాక్టర్ గారితో ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: హార్మోన్ల పనిలో వేలు పెట్టే రసాయనాల గురించి మాట్లాడుకుంటున్నాం. లైన్లో ఒక అమ్మగారు ఉన్నారు. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారం డాక్టర్ గారూ. మా బాబుకి నాలుగేళ్లు. నెలకోసారి జలుబు, దగ్గు. బడికి ప్లాస్టిక్ డబ్బాలో వేడివేడిగా పెట్టి పంపుతాను. దానివల్లే వాడి ఇమ్యూనిటీ పోయిందని మా ఆడపడుచు అంటోంది. రాత్రంతా నిద్ర పట్టలేదండీ.

డాక్టర్: ముందు ఆ టెన్షన్ దించుకోండి తల్లీ. బడికి వెళ్లే చిన్నపిల్లలకి ఏడాదిలో ఆరు నుంచి ఎనిమిది సార్లు జలుబు రావడం మామూలే. జలుబు తగ్గాక బాగా ఆడుకుంటాడా? బరువు పెరుగుతున్నాడా?

శ్రోత: పెరుగుతున్నాడండీ. ఇక ఆటంటారా, ఇల్లు పీకి పందిరేస్తాడు.

డాక్టర్: అయితే వాడి ఇమ్యూనిటీ ఎక్కడికీ పోలేదు. పదే పదే న్యుమోనియా వచ్చినా, బరువు ఆగిపోయినా అప్పుడు పిల్లల డాక్టర్‌కి చూపించండి. ఇక డబ్బా సంగతి. మన రక్తంలోని తెల్లకణాలు కూడా హార్మోన్ల మాట వింటాయి. ఈస్ట్రోజెన్ అనే హార్మోన్‌ని అందుకోవడానికి వాటిలో రిసెప్టర్లు ఉంటాయి. కొన్ని గట్టి ప్లాస్టిక్‌లలో, తిండి నిల్వ చేసే రేకు డబ్బాల లోపలి పూతలో ఉండే బిస్ఫినాల్ ఏ అనే రసాయనం కూడా ఆ రిసెప్టర్లకే అతుక్కోగలదు. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2023లో దాని రోజువారీ పరిమితిని 20,000 రెట్లు తగ్గించింది. ఎలుకల్లో ఒక రకం రోగనిరోధక కణాలు పెరగడం చూసి ఆ నిర్ణయం తీసుకున్నారు. జర్మనీలో ఇలాంటి పనే చేసే సంస్థ ఆ లెక్కతో ఏకీభవించలేదు. మనుషులకి ఎంత హాని అన్నది ఇంకా తేలలేదు. అయినా జాగ్రత్త పడడానికి అదంతా తేలేదాకా ఆగక్కర్లేదు.

శ్రోత: ఇన్నాళ్లూ పెట్టేశాను కదండీ, ఇప్పుడేం లాభం?

డాక్టర్: లాభం ఉంది. బిస్ఫినాల్ ఏ ఒంట్లో నిల్వ ఉండదు, చాలావరకు ఒక్క రోజులోనే మూత్రంలో పోతుంది. 2011లో ఐదు కుటుంబాలకి మూడు రోజులు ప్యాకింగ్ లేని తాజా తిండి పెట్టి చూస్తే, మూత్రంలో అది సగటున 66 శాతం తగ్గింది. కాబట్టి వేడివి స్టీలు డబ్బాలో పెట్టండి. మైక్రోవేవ్‌లో గాజు గిన్నె వాడండి. గీతలు పడ్డ పాత ప్లాస్టిక్ తీసేయండి.

శ్రోత: ఇంకొక్కటండీ. ఈ రసాయనాలుంటే టీకాలు పని చేయవట. వేయించడం దండగేనా?

డాక్టర్: ఆ మాట మనసులోంచి తీసేయండి తల్లీ. అది వేరే రసాయనాల గురించి, పీఎఫ్ఏఎస్ అంటారు. నీళ్లు, నూనె, మరకలు అంటకుండా పూతల్లో వాడతారు. ఉత్తర యూరప్‌లోని ఫారో దీవుల్లో పిల్లల్ని పరిశీలించి 2012లో ఫలితాలు ప్రకటించారు. ఐదేళ్ల వయసులో రక్తంలో ఇవి రెట్టింపు ఉన్న పిల్లలకి, ఏడేళ్లు వచ్చేసరికి ధనుర్వాతం, కంఠసర్పి టీకాల యాంటీబాడీలు దాదాపు సగం తక్కువగా కనిపించాయి. తక్కువంటే అసలు లేవని కాదు. రక్షణ పలచబడే పిల్లలకే టీకా, బూస్టర్ మరీ అవసరం. ఒక్కటి కూడా తప్పించకండి.

ఈ పీఎఫ్ఏఎస్ మాత్రం ఒంట్లో ఏళ్ల తరబడి ఉంటాయి. డబ్బా మార్చినంత మాత్రాన పోవు. తాగే నీళ్లలోకి రాకుండా ఆపాల్సింది ప్రభుత్వాలు, వాటిని తయారుచేసే పరిశ్రమలు. ఆ భారం కూడా తల్లుల నెత్తిన పెట్టడం అన్యాయం. మీ ఆడపడుచుకీ ఈ మాట చెప్పండి.

వ్యాఖ్యాత: తర్వాతి కాల్.

శ్రోత: సార్, నేను బిల్లు కౌంటర్‌లో పని చేస్తాను. రోజంతా ఆ కాగితాలే పట్టుకోవాలి.

డాక్టర్: వేడితో అక్షరాలు పడే ఆ నున్నటి కాగితాల్లో చాలావాటిపై బిస్ఫినాల్ పొడి ఉంటుంది. శానిటైజర్ తడి ఆరకముందే వాటిని ముట్టుకుంటే చర్మంలోకి ఎక్కువగా దిగుతుంది. చేతులు సబ్బుతో కడుక్కోండి, ముఖ్యంగా తినేముందు. వీలైతే గ్లౌజులు వేసుకోండి.

వ్యాఖ్యాత: చివరి కాల్. చెప్పండమ్మా.

శ్రోత: డాక్టర్ గారూ, ఆ పీఎఫ్ఏఎస్ తల్లిపాలలో కూడా వస్తాయని చదివాను. పాపకి మూడో నెల. పాలు మాన్పించేయనా?

డాక్టర్: వద్దమ్మా. పాలలో వస్తాయన్నది నిజమే. కానీ జబ్బుల్ని ఆపే యాంటీబాడీలు కూడా ఆ పాలలోనే ఉన్నాయి. డబ్బా పాలలో అవి దొరకవు. ఆరు నెలలు నిండేదాకా మీ పాలు తప్ప ఇంకేమీ వద్దు, మంచినీళ్లు కూడా.

శ్రోత: ఇప్పుడే లేచిందండీ, ఏడుస్తోంది.

డాక్టర్: ఫోన్ పెట్టేసి పాలివ్వండి తల్లీ.