ఇంటి పక్కన చెట్టు తీయించడం: ఒక బీరువా లెక్క

"రంపం పెడితే అరగంటలో అయిపోయే పని, దానికి ఇంత అడుగుతారా?"

ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. విన్న ప్రతిసారీ ఒళ్లు మండుతుంది. చెట్టు కోయడానికి ఎవరూ అంత అడగరండీ. అడిగేది దించడానికి.

మేడ మీది గదిలో ఒక ఇనుప బీరువా ఉందనుకోండి, నిండా సామాన్లతో. దాన్ని కిందికి తేవాలి. బాల్కనీలోంచి తోసేస్తే క్షణంలో కిందుంటుంది, పైసా ఖర్చు లేదు. అయినా నలుగురిని పిలిచి, తాళ్లు కట్టించి, మెట్టుమెట్టుకీ ఆపుతూ దింపిస్తాం. గోడ పగలకూడదు, మెట్టు విరగకూడదు, కింద పట్టుకున్నవాడి కాలు నలగకూడదు. ఆ బీరువాని గుర్తుపెట్టుకోండి. ఈ వీడియో అంతా దాన్నే మోస్తాను.

[స్క్రీన్ మీద: దుంగ పక్కన బీరువా బొమ్మ]

అర మీటరు మందం, మీటరు పొడవు ఉన్న పచ్చి దుంగ. చూస్తే కూర్చునే పీటలా ఉంటుంది. తూకం వేస్తే 180 నుంచి 200 కిలోలు. పచ్చి కర్రలో నీళ్లు ఎక్కువ కాబట్టి చాలా జాతుల్లో ఘనపు మీటరు టన్నుకి దగ్గరగా తూగుతుంది. అంటే అదే మన బీరువా. మందం రెట్టింపైతే బరువు నాలుగింతలు. మీ ఇంటి కప్పు పక్కన ఇలాంటి బీరువాలు ఒకదాని మీద ఒకటి నిలబెట్టి ఉన్నాయి. ఇప్పుడు చెప్పండి, అరగంట పనేనా?

చుట్టూ ఖాళీ జాగా ఉంటే వేరే సంగతి. చెట్టుని నిలువునా ఒకేసారి పడగొట్టొచ్చు. పడాల్సిన వైపు ముందు పుచ్చకాయ ముక్క ఆకారంలో గాటు తీస్తారు, తర్వాత వెనకవైపు నుంచి కోస్తారు. రెండూ కలిసేదాకా కోయరు. మధ్యలో, మాను మందంలో పదో వంతు వరకు కర్ర వదిలేస్తారు. అది బీరువా తలుపుకి బందు లాంటిది. తలుపు ఎటు తిరగాలో బందు చెబుతుంది, చెట్టు ఎటు ఒరగాలో ఆ కర్ర చెబుతుంది. ఆ బందుని కూడా కోసేస్తే చెట్టు తనకు నచ్చిన వైపు పడుతుంది. "గాలి మార్చేసింది సార్" అంటారే, చాలాసార్లు జరిగేది ఇదే. గాలి పాపం మాట్లాడలేదు కదా, ఏ నిందైనా మోస్తుంది.

ఇళ్ల మధ్య అంత జాగా ఎక్కడుంటుంది? అందుకే పైనుంచి ముక్కలు ముక్కలుగా దించాలి. ఈ పనిలో నాకు అన్నిటికంటే నచ్చేది కింద నిలబడి మోకు పట్టుకున్న మనిషి. పైన రంపం పట్టినవాణ్ణి అందరూ ఫోన్లో వీడియో తీస్తారు, కిందివాణ్ణి ఎవరూ చూడరు. కోసిన దుంగకి మోకు కట్టి ఉంటుంది. ఆ మోకు పైన గిలక మీదుగా వచ్చి, చెట్టు మొదట్లో బిగించిన ఇనుప గొట్టానికి మూడు నాలుగు చుట్లు తిరుగుతుంది. ఒక్కో చుట్టుకీ పట్టు కొన్ని రెట్లు పెరుగుతుంది. అందుకే ఒక్క మనిషి చేతులతో 200 కిలోల బీరువాని ఆపగలుగుతున్నాడు.

కానీ గట్టిగా పట్టుకుని ఒక్కసారిగా ఆపేయకూడదు. కొన్ని అడుగులు పడిన బరువుని టక్కున ఆపితే ఆ కుదుపు అసలు బరువుకి ఎన్నో రెట్లు ఉంటుంది. మోకు తెగొచ్చు, గిలక కట్టిన కొమ్మే విరగొచ్చు. అందుకని కాస్త జారనిస్తూ, మెల్లగా ఆపుతాడు. మీరు డబ్బిచ్చేది ఈ జారనివ్వడానికే.

సరే, మంచి పనివాణ్ణి ఎలా గుర్తుపట్టాలి?

ఫోన్లోనే రేటు చెప్పేసినవాడు నాకు నచ్చడు. మెట్లు చూడకుండా బీరువా దించుతాననేవాడు వాడు. వచ్చినవాడు చెట్టు చుట్టూ తిరగాలి, చెట్టుకంటే ముందు కింద ఏముందో చూడాలి. ప్రహరీ, నీళ్ల ట్యాంకు, కరెంటు తీగలు, పక్కింటి రేకులు. మొదట్లో పుట్టగొడుగులు ఉన్నాయా అని వంగి చూడాలి, సుత్తితో కొట్టి లోపల డొల్ల ఉందేమో వినాలి. కాళ్లు తుప్పు తినేసిన బీరువాని ఎవరైనా మామూలుగా మోస్తారా? డొల్ల చెట్టు ఎక్కడం అంతకంటే ప్రమాదం. ఒక్కోసారి ఎక్కకుండా క్రేన్ తెప్పిస్తారు, రేటు పెరుగుతుంది. అది మోసం కాదు.

"ముక్కలు ఎక్కడ దించుతారు?" అని ఒక్క ప్రశ్న అడగండి. వేలు పెట్టి చోటు చూపిస్తే పని తెలిసినవాడు. "అదంతా మేం చూసుకుంటాం" అంటే ఒక దండం పెట్టి పంపేయండి.

ఇంకోటి. మేకుల బూట్లతో చెట్టెక్కడం తీసేసే చెట్టుకి పర్లేదు. పక్కనున్న, మీరు ఉంచుకునే చెట్టుకి కొమ్మలు కత్తిరించడానికి కూడా అవే బూట్లతో ఎక్కితే ఆపేయండి. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో వేల చెట్లు కోసి చూసి తేల్చిన విషయం ఇది: చెట్టు గాయాన్ని మనలా మాన్పుకోదు, దాని చుట్టూ గోడ కట్టుకుంటుంది, అంతే. ప్రతి మేకూ ఒక గాయం.

కరెంటు తీగకి దగ్గరలో కొమ్మలుంటే ముందు కరెంటు వాళ్లకే చెప్పాలి. మనవాళ్ల ధైర్యం అక్కడ పనికిరాదు. పనివాళ్లకి ఇన్సూరెన్స్ ఉందా అని అడగండి. సిగ్గుపడకండి, మీ ఆవరణలో ఎవరైనా పడితే మొదట తలుపు తట్టేది మీదే.

[స్క్రీన్ మీద: నేలలో పాతుకుపోయిన మొద్దు]

టైమ్ అయిపోతోంది, మొద్దు సంగతి గబగబా చెప్పేస్తాను. చెట్టు తీయడం, మొద్దు తీయడం వేర్వేరు పనులు. ఇప్పటిదాకా మోసింది ఇనుప బీరువా, మొద్దేమో గోడలో కట్టేసిన గోడబీరువా. అది కదలదు, పగలగొట్టాల్సిందే. అందుకే రేటు రాసిచ్చే కాగితంలో "మొద్దుతో సహా" అని ఉందో లేదో చూసుకోండి. సగం గొడవలు అక్కడే వస్తాయి.

గ్రైండర్ మిషన్ మొద్దుని కొబ్బరి కోరినట్టు కోరేస్తుంది, మామూలుగా నేలకి 6 నుంచి 12 అంగుళాల లోతు వరకు. పక్క వేర్లు నేలలోనే ఉండి మెల్లగా చివికిపోతాయి. అక్కడే గోడ కట్టాలన్నా, మళ్లీ చెట్టు నాటాలన్నా ఆ లోతు చాలదు, ముందే చెప్పండి. గేటు వెడల్పు కొలవండి, మిషన్ లోపలికి రావాలిగా. నేల కింద పైపులు, వైర్లు ఎక్కడున్నాయో చూపించండి. రాళ్లు ఎగురుతాయి, కిటికీలకి అడ్డం పెట్టించండి.

గ్రైండర్‌తో అయితే మొద్దు పొట్టిగా కోయించండి. లాగి పెకలించేట్టయితే మూడు నాలుగు అడుగులు వదిలేయమనండి, పట్టు దొరుకుతుంది. కారుకి గొలుసు కట్టి లాగడం మాత్రం వద్దు, తెగిన గొలుసు ఎటు వస్తుందో ఎవరికీ తెలీదు. ఉప్పు పోయకండి, మట్టి పాడవుతుంది. కాల్చకండి, వేర్ల వెంట నిప్పు రోజుల తరబడి లోపల రాజుకుంటుంది.

మిషన్ కోరిన పొట్టు గుంటకంటే పెద్ద కుప్పవుతుంది, భయపడకండి. దాన్నే గుంటలో నింపి మొక్క పెడితే మాత్రం, పొట్టు కుళ్లేటప్పుడు మట్టిలోని నత్రజనిని లాగేసుకుంటుంది, మొక్క ఆకులు పసుపు రంగుకి పాలిపోతాయి. పొట్టు తీసి మట్టి నింపండి, కొన్ని నెలల్లో కుంగుతుంది, మళ్లీ నింపండి.

ఇంకా పర్మిషన్ సంగతి ఉంది. చాలా చోట్ల సొంత చెట్టుకైనా అనుమతి కావాలి. రంపం మోగకముందే మీ మునిసిపాలిటీలోనో పంచాయతీలోనో అడిగేయండి.