మూడు సీడీల పెళ్లి, టీవీ వెనక చిన్న పెట్టె

శ్రోతలకు నమస్కారం.

నల్లగొండలో గానీ పాలమూరులో గానీ ఎవరింటికి వెళ్లినా ఇప్పుడు గోడకు పెద్ద టీవీ కనిపిస్తోంది. దాని కింద షోకేసు అరలో, ఎప్పటిదో డీవీడీ ప్లేయరు పక్కన, ఒక అట్టపెట్టె కూడా ఉంటుంది. అందులో పెళ్లి సీడీలు, ఒడిబియ్యం సీడీ, పుట్టువెంట్రుకల సీడీ, ఊళ్లో బొడ్రాయి పండుగ చేసినప్పటి సీడీ. ప్లేయరు పాడై ఏళ్లయి ఉంటుంది. బాగున్నా, దాని మూడు రంగుల వైర్లు గుచ్చడానికి చాలా కొత్త టీవీలకు చోటే ఉండదు. టీవీలో లోకమంతా కనబడుతుంది, మన పెళ్లి తప్ప.

ఆ అట్టపెట్టెలో ఉన్నదంతా టీవీలోకి ఎక్కించే చిన్న కంప్యూటర్ గురించి ఈ రోజు నాలుగు మాటలు చెబుతాను. అరచేతిలో పట్టేంత ఉంటుంది. హోమ్ థియేటర్ పీసీ అని దానికి పెద్ద పేరు. అందులో సినిమాలు, వీడియోలు, పాటలు, ఫోటోలు వరుసగా పేర్చి చూపించే సాఫ్ట్‌వేర్‌ను మీడియా సెంటర్ అంటారు.

"ఏ బాక్సు కొనమంటారు?" అని అడుగుతుంటారు. నేను రెండు ప్రశ్నలు తిరిగి వేస్తాను. మీ దగ్గర ఉన్నవి ఏ ఫైళ్లు? రిమోటు ఎవరి చేతిలో ఉంటుంది? ఈ రెండూ తేలాక బాక్సు దానంతట అదే తేలుతుంది.

మిర్యాలగూడలో మా మేనమామ ఇంట్లో జరిగింది చెబుతాను. మామయ్య బడిపంతులుగా చేసి రిటైరయ్యారు. మా అత్తమ్మ చాలాకాలంగా అడుగుతున్నది ఒక్కటే: పెద్దమ్మాయి పెళ్లి ఒకసారి పెద్ద టీవీలో చూడాలి. 2004లో జరిగిన పెళ్లి. మూడు సీడీలు. పైన వీడియోగ్రాఫర్ స్టూడియో పేరు, గులాబీ పువ్వుల మధ్య వధూవరుల ఫోటో. అప్పట్లో మన పెళ్లి వీడియోలు చాలావరకు వీసీడీ పద్ధతిలోనే వచ్చేవి. ఒక సీడీలో సుమారు 80 నిమిషాలు పట్టేది. అందుకే పెళ్లంటే మూడు సీడీలు: ఎదురుకోళ్లు ఒకటి, తలంబ్రాలు ఒకటి, అప్పగింతలు ఒకటి.

మనవడు యూఎస్‌బీతో పెట్టుకునే డ్రైవు ఒకటి తెచ్చి కాపీ చేయడానికి కూర్చున్నాడు. వీసీడీ తెరిస్తే ఎంపెగ్ఏవీ అనే ఫోల్డరు, అందులో ఏవీసెక్01.డాట్ అనే ఫైలు. మొదటి సీడీ కాపీ అయింది. రెండో సీడీ పెట్టాడు. అందులోనూ ఏవీసెక్01.డాట్. మూడో దానిలోనూ అదే పేరు. బొడ్రాయి పండుగదీ అదే పేరు. ఏ ఇంటి పెళ్లయినా, ఏ ఊరి పండుగయినా వీసీడీలో అసలు వీడియోకు ఉండే పేరు అదే. కంప్యూటర్ అడిగింది, ఈ పేరుతో ఫైలు ఇప్పటికే ఉంది, దాని స్థానంలో దీన్ని పెట్టమంటారా అని.

"తాతయ్యా, అవునని నొక్కనా?"

"ఆగు. దేని స్థానంలో?" అన్నారు మామయ్య. జీవితమంతా జవాబు పత్రాలు కట్టలు కట్టిన మనిషి. నొక్కి ఉంటే తలంబ్రాలు వచ్చి ఎదురుకోళ్ల మీద కూర్చునేవి. ఆ తరువాత ఒక్కో సీడీకి ఒక్కో ఫోల్డరు పెట్టించి, ప్రతి ఫైలుకూ ఇంగ్లీషు అక్షరాల్లో సంవత్సరం, వేడుక, సీడీ సంఖ్య రాయించారు. చివర డాట్ అని ఉన్నచోట ఎంపీజీ అని మార్పించారు. లోపల ఉన్నది ఎంపెగ్ వీడియోనే కనుక అలా మార్చినా ఆడుతుంది. శ్రోతలారా, ఈ పని బాక్సు కొనకముందే చేయండి. గీతలు పడ్డ సీడీ కాపీ మధ్యలో ఆగిపోతే, మెత్తటి పొడిగుడ్డతో మధ్య నుంచి అంచు వైపు తుడిచి మళ్లీ పెట్టండి. గుండ్రంగా తుడవకూడదు.

మూడు సీడీల పెళ్లి మొత్తం కలిపి రెండు జీబీలకు కాస్త అటూ ఇటూ. ఒక టెరాబైట్ డిస్కులో అలాంటి పెళ్లిళ్లు నాలుగు వందలు పడతాయి. మన బంధువర్గంలో అన్ని పెళ్లిళ్లు జరిగి ఉంటాయా అంటే, మా అత్తమ్మ లెక్కలో జరిగే ఉంటాయి.

ఇక టీవీ. మామయ్య ఇంట్లో పెట్టింది రాస్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డు. దాని మీద కోడీ అనే మీడియా సెంటర్. బొమ్మ రాగానే అత్తమ్మ మొదటి మాట: "మా పిల్ల అంత లావు ఎప్పుడుందిరా?" తెర నిండుగా ఉండాలని మనవడు బొమ్మను అటూ ఇటూ సాగదీసి పెట్టాడు. పాత వీడియో నాలుగుకు మూడు కొలతది, ఇప్పటి టీవీ పదహారుకు తొమ్మిది. అసలు కొలతకు మార్చేసరికి రెండు వైపులా నల్లటి పట్టీలు వచ్చాయి, పెళ్లికూతురు మళ్లీ సన్నబడింది. నల్లపట్టీలు ఉండనివ్వండి. అవి తప్పు కావు.

బొమ్మ కాస్త మసకగానే ఉంటుంది. వీసీడీ బొమ్మలో అడ్డంగా 352, నిలువుగా 288 చుక్కలు. 4కే టీవీలో అంతకు 80 రెట్లు ఎక్కువ చుక్కలుంటాయి. లేని వివరాన్ని ఏ బాక్సూ తేలేదు. కుర్చీలు కాస్త వెనక్కి జరుపుకుంటే సరిపోతుంది.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. సినిమాను మనం మొదటి నుంచి చివరి దాకా చూస్తాం. సొంత పెళ్లిని అలా చూడం. అత్తమ్మ రిమోటు చేతిలోకి తీసుకుని, "ఆగు, ఆ లడ్డూలు వడ్డిస్తున్నది ఎవరు?" అని వెనక్కి జరిపింది. మళ్లీ చూసింది. మళ్లీ వెనక్కి. "దేవరకొండ వదిన. ఆ చీర నేనే పెట్టాను." ఇంకాస్త ముందుకు. మళ్లీ ఆపి, బంతిలో కూర్చున్నవాళ్లను ఒక్కొక్కరినీ పేరు పెట్టి చెప్పింది. కోడీలో ఎడమ బాణం ఒకసారి నొక్కితే పది సెకన్లు వెనక్కి వెళుతుంది. ఆ రాత్రి ఆ ఇంట్లో ఎక్కువ పని చేసిన మీట అదే.

అందుకే అడుగుతున్నాను, రిమోటు ఎవరి చేతిలో? టీవీ ముందు కీబోర్డు, మౌసు పెట్టుకుని పెద్దవాళ్లు పెళ్లి చూడలేరు. రాస్‌బెర్రీ పైలో హెచ్‌డీఎంఐ సీఈసీ అనే సదుపాయం ఉంది. బాక్సును టీవీకి కలిపే హెచ్‌డీఎంఐ తీగ ద్వారానే టీవీ రిమోటు మాట బాక్సుకు చేరుతుంది. రోజూ వాడే రిమోటుతోనే అంతా నడుస్తుంది. టీవీ సెట్టింగుల్లో దాన్ని ఆన్ చేయాలి. సామ్‌సంగ్ దాన్ని ఎనీనెట్ ప్లస్ అంటుంది, ఎల్‌జీ సింప్‌లింక్ అంటుంది, సోనీ బ్రావియా సింక్ అంటుంది. మినీ పీసీలనే పేరుతో అమ్మే చిన్న డబ్బా కంప్యూటర్లలో ఎక్కువ వాటికి ఈ సదుపాయం ఉండదు. వాటికి యూఎస్‌బీ ముక్కతో వచ్చే చిన్న రిమోటు విడిగా కొనుక్కోవాలి.

ఇక మొదటి ప్రశ్న, ఏ ఫైళ్లు? మన ఇళ్లలో ఉండేవి వీసీడీలు, డీవీడీలు, తరువాత ఫోన్లలో తీసినవి. కొత్త ఫోన్లు చాలావరకు హెచ్ఈవీసీ అనే కుదింపు పద్ధతిలో వీడియో తీయగలవు. ఈ పద్ధతిలో 4కే వీడియోను విప్పడానికి చిప్పులోనే ప్రత్యేక ఏర్పాటు ఉండాలి. లేకపోతే ప్రాసెసర్ వేడెక్కి, బొమ్మ ఆగి ఆగి నడుస్తుంది. 2019లో వచ్చిన రాస్‌బెర్రీ పై 4లోనూ, 2023లో వచ్చిన రాస్‌బెర్రీ పై 5లోనూ హెచ్ఈవీసీకి ఆ ఏర్పాటు ఉంది. ఇంటర్నెట్ వీడియోల్లో పెరుగుతున్న ఏవీ1 పద్ధతికి మాత్రం రెండింటిలోనూ లేదు. అది కావాలంటే ఇంటెల్ ఎన్100 చిప్పు ఉన్న మినీ పీసీ చూడండి. 2023లో వచ్చింది, ఇవన్నీ విప్పుతుంది, కరెంటు కూడా తక్కువే తాగుతుంది. ఇంట్లో మూలన పడిన పాత డెస్క్‌టాప్ ఉంది కదా అంటారా? 80 వాట్లు లాగే డెస్క్‌టాప్‌ను నెలంతా ఆన్‌లో ఉంచితే 57 యూనిట్లు దాటుతుంది. 10 వాట్ల బాక్సుకు ఏడు యూనిట్లు.

పెన్ డ్రైవ్ నేరుగా టీవీకే పెడితే పోలేదా అని కూడా అడుగుతారు. కొన్నిటికి చాలు. కానీ బొమ్మ వచ్చి శబ్దం రాకపోవడం మీలో చాలామందికి అనుభవమే. డిస్కుల్లోని కొన్ని సినిమాల శబ్దం డీటీఎస్ పద్ధతిలో ఉంటుంది, చాలా టీవీల్లో దానికి లైసెన్సు ఉండదు. కోడీ ఆ శబ్దాన్ని తానే విప్పి టీవీకి అందిస్తుంది.

సాఫ్ట్‌వేర్ గురించి క్లుప్తంగా. కోడీ ఉచితం. 2002లో ఎక్స్‌బాక్స్ ఆటల యంత్రం కోసం మొదలై, 2014లో ఈ పేరు పెట్టుకుంది. కోడీని నడపడానికి ఎంత కావాలో అంతే ఉండే చిన్న వ్యవస్థ లిబ్రెఎలెక్. ఆన్ చేస్తే నేరుగా కోడీ తెర మీదికి వస్తుంది, మధ్యలో ఇంకేమీ అడగదు. ఒక టీవీ, ఒక గది అయితే ఇంతకు మించి వద్దంటాను. మూడు గదుల్లో, ఫోన్లలో, పై అంతస్తులో కొడుకు వాటాలో అందరూ చూడాలంటే జెల్లీఫిన్ పెట్టుకోండి. అదీ ఉచితమే, 2018లో మొదలైంది. ఒకే చెరువు నుంచి అన్ని కాలువలకూ నీళ్లు వదిలినట్టు, ఒక బాక్సులోని వీడియోలను ఇంట్లో అన్ని తెరలకూ పంపుతుంది. దానికి రాస్‌బెర్రీ పై కంటే ఎన్100 మినీ పీసీ మేలు. ఓటీటీలు మాత్రం వీటితో చూడాలనుకోకండి. ఆ పని స్మార్ట్ టీవీయే బాగా చేస్తుంది.

కోడీలో ఒక చమత్కారం ఉంది. సినిమా ఫైలుకు ఇంగ్లీషు అక్షరాల్లో పేరు, సంవత్సరం రాస్తే ఇంటర్నెట్ నుంచి పోస్టరు తానే తెచ్చుకుంటుంది. ఇంటి వీడియోల ఫోల్డరుకు ఈ సదుపాయం ఇవ్వకండి, బావ గృహప్రవేశానికి ఎక్కడిదో విదేశీ సినిమా పోస్టరు అంటించి పెడుతుంది. ఆ ఫోల్డరులో ఉన్నది ఏమిటి అని కోడీ అడిగినప్పుడు ఏదీ కాదు అని ఎంచుకోండి. తరువాత ఒక ఫోటోకు ఫోల్డర్ డాట్ జేపీజీ అని ఇంగ్లీషులో పేరు పెట్టి అందులో ఉంచండి, అదే ముఖచిత్రం అవుతుంది. మామయ్య దానికి శుభలేఖ స్కాన్ చేయించారు. పసుపు మరక కూడా అలాగే వచ్చింది.

మన ఎండలకు ఒక జాగ్రత్త. మే నెలలో 45 డిగ్రీల దాకా చూసే ఊళ్లు మనవి. బాక్సును అద్దాల షోకేసులో పెట్టి మూయకండి. రాస్‌బెర్రీ పై బోర్డు 80 డిగ్రీలకు చేరితే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. కరెంటు పోవడం ఇంకో సంగతి. మెమరీ కార్డు మీద నడిచే బాక్సుకు ఉన్నట్టుండి కరెంటు పోతే, కార్డులోని వ్యవస్థ చెడిపోయే ప్రమాదం ఉంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే బాక్సు ప్లగ్గును ఆ లైనులోకి మార్పించండి. వీలైతే కార్డుకు బదులు ఎస్‌ఎస్‌డీ అనే డిస్కు వాడండి. మినీ పీసీ అయితే, కరెంటు రాగానే తానే ఆన్ అయ్యే సెట్టింగు బయాస్‌లో, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల తెరలో ఉంటుంది. అమ్మేవాడితోనే పెట్టించుకోండి.

అన్ని సినిమాలూ జీవితాంతం ఉచితం అని చెప్పి అమ్మే బాక్సుల జోలికి పోకండి. కోడీ తయారు చేసేవాళ్లే వాటితో తమకు సంబంధం లేదని చెబుతున్నారు. కొన్ని చౌక ఆండ్రాయిడ్ బాక్సుల్లో హానికరమైన సాఫ్ట్‌వేర్ కొనేముందే చేరి ఉంటోందని 2023లో భద్రతా పరిశోధకులు బయటపెట్టారు.

సమయం దగ్గర పడింది. మినీ పీసీ కొనేటప్పుడు చేయవలసిన ఒక్క పని చెప్పి ముగిస్తాను. దుకాణానికి పెన్ డ్రైవ్ తీసుకుని వెళ్లండి. అందులో మూడు ఫైళ్లు పెట్టుకోండి: ఒక పాత వీసీడీ ఫైలు, ఫోనులో తీసిన 4కే వీడియో, మీ దగ్గరున్న అతి పెద్ద సినిమా. నాలుగు జీబీలు దాటిన ఫైలు ఎక్కాలంటే పెన్ డ్రైవ్ ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ అయి ఉండాలి. విండోస్‌కు పనికొచ్చే కోడీ ఇన్‌స్టాలర్ కూడా అందులోనే వేసుకోండి. నల్లగొండలో గడియారం సెంటర్ దుకాణమైనా, సికింద్రాబాద్‌లో ప్యారడైజ్ దగ్గరి సీటీసీ అనే కంప్యూటర్ల మార్కెట్ అయినా, బాక్సును టీవీకి పెట్టించి, కోడీ ఎక్కించి, అందులో మూడూ ఆడించండి. ఆడుతుండగా కీబోర్డులో ఇంగ్లీషు ఓ అక్షరం నొక్కితే తెర మీద కొన్ని వివరాలు వస్తాయి. వీడియో డీకోడర్ అన్న చోట పక్కన హెచ్‌డబ్ల్యూ, అంటే హార్డ్‌వేర్, అని ఉంటే చిప్పులోని ఆ ప్రత్యేక ఏర్పాటు పని చేస్తోందని అర్థం. 4కే వీడియోకు ఎస్‌డబ్ల్యూ, అంటే సాఫ్ట్‌వేర్, అని ఉంటే ఆ బాక్సు వద్దు. శబ్దం వచ్చిందో లేదో మూడింటికీ వినండి. పెన్ డ్రైవ్ పెట్టడానికి ఒప్పుకోకపోతే పక్క దుకాణానికి వెళ్లండి, బాక్సులు అక్కడా ఉంటాయి.

సెలవు. నమస్కారం.