చిన్నది కన్ను మూస్తేనే పెద్దదానికి బడి: ముగ్గురు పిల్లల ఇంట్ల యూకేజీ

[దృశ్యం: హన్మకొండల ఒక కిరాయి ఇల్లు, పొద్దుగాల పదిన్నర. దూలానికి కట్టిన చీర తొట్టె. తొట్టె తాడు కింద కూసున్న అమ్మ కాలి బొటనవేలికి చుట్టి ఉంది. ఆమె ముందు స్టీలు పళ్లెం, పళ్లెంల బియ్యప్పిండి. ఐదేండ్ల పిల్ల వేలు పిండి మీద తిరుగుతున్నది.]

మెల్లగ మాట్లాడుతున్న, ఏమనుకోకుండ్రి. చిన్నది ఇప్పుడే నిద్రపోయింది. మంచిగ పడుకుంటే నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాలే మా పెద్దదాని బడి.

మాకు ముగ్గురు. పెద్దదానికి ఐదు దాటినయి, నడిపోనికి మూడు నిండినయి, చిన్నదానికి తొమ్మిది నెలలు. మా ఆయనది కాజీపేటల రైల్వే డ్యూటీ, షిఫ్టులు. రాత్రి డ్యూటీ చేసొచ్చిన మనిషిని పగలు లేపుతమా? అత్తమ్మ ఊర్ల ఉంటది, పత్తి ఏరే దినాలల్ల అస్సలే రాదు. అంటే పగలంత నేనొక్కదాన్నే. "ముగ్గురిని పెట్టుకొని ఇంట్ల చదువు ఎట్ల చెప్తున్నవ్ వదినె?" అని మా గల్లీల అడగనోళ్లు లేరు. ఎట్ల చెప్తున్ననో చూపిస్త.

అసలు బడి ఎందుకు మాన్పిచ్చిన అంటే, పోయినేడు ఎల్‌కేజీకి ఒక బడికి పంపినం. ఫీజు సంగతి పక్కన పెడుదాం. దినాం నాలుగు పేజీల హోంవర్క్. ఒక రాత్రి ఒకటి నుంచి వంద దాక రాస్తున్నది, అరవై కాడ పెన్సిల్ కింద పెట్టి "అమ్మా, చెయ్యి గుంజుతున్నది" అన్నది. సాకులు చెప్తున్నదనుకొని నేనే కసిరిన. తర్వాత తెలిసింది, అది సాకు కాదని.

[తెర మీద: చేతి మణికట్టు బొమ్మ. ఎనిమిది చిన్న ఎముకలు ఒకటొకటిగా వెలుగుతాయి.]

మన మణికట్టుల ఎనిమిది చిన్న ఎముకలు ఉంటయి. పుట్టినప్పుడు ఆ ఎనిమిదీ మెత్తటి మృదులాస్థే, ఎక్స్‌రే తీస్తే ఎముకలెక్క కనపడయి. ఏండ్ల తరబడి ఒకటెనుక ఒకటి గట్టిపడుకుంట వస్తయి. ఆఖరిది గట్టిపడేసరికి పిల్లలకు ఎనిమిదేండ్లు దాటుతయి. ఐదేండ్ల చెయ్యి అంటే పని నడుస్తున్న ఇల్లు లెక్క. ఆ చెయ్యితోని వంద అంకెలు రాపిస్తున్నం మనం.

ఇగ నా తప్పు చెప్త. ఇంట్ల మొదలువెట్టిన మొదటి వారం చార్ట్ పేపర్ తెచ్చి టైం టేబుల్ రాసిన. తొమ్మిదింటికి తెలుగు, తొమ్మిదిన్నరకు లెక్కలు, పదింటికి ఇంగ్లిష్. గోడకు అంటిచ్చిన. తొమ్మిదింటికి తెలుగు మొదలువెడితే తొమ్మిది అయిదుకు చిన్నది పాలకు ఏడ్చె. దానికి పాలిచ్చేసరికి నడిపోడు బాత్రూంల బకెట్ బోర్లిచ్చె. నేను వచ్చేదాక పెద్దది పెన్సిల్ నోట్లె పెట్టుకొని కూసున్నది. మూడో దినం నడిపోడే ఆ చార్ట్ చింపిండు. నేను తిట్టలె. చింపి మంచి పని చేసిండనిపించింది.

[తెర మీద: అందరికంటె చిన్నదాని నిద్రతో మొదలుపెట్టండి.]

అప్పుడు ఉల్టా చేసిన. పెద్దదాని పాఠాలు కాదు, చిన్నదాని నిద్ర రాసిన. ఐదు దినాలు ఎప్పుడు పడుకుంటున్నది, ఎప్పుడు లేస్తున్నది, పాల ప్యాకెట్ లెక్కలు రాసుకునే క్యాలెండర్ మీదనే గీతలు పెట్టిన. నాలుగు నెలల నుంచి ఏడాది లోపు పిల్లలకు రాత్రి, పగలు కలిపి 12 నుంచి 16 గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తది. మాదాని నిద్ర పగటి పూట రెండు ముక్కలు. పొద్దున పదిన్నర ఒకటి, మధ్యాహ్నం రెండు ఒకటి. పొద్దటి నిద్ర చిన్నది, కాని పెద్దదాని తలకాయ అప్పుడు తాజాగ ఉంటది. మధ్యాహ్నం నిద్ర పెద్దది, కాని అప్పటికి నా తలకాయ ఉండది. అందుకే చదువు పదిన్నరకు. రెండింటి నిద్రల నేను కూడ పండుకుంట, ఏం దాసిపెట్టుకోను.

"నలభై నిమిషాలు సరిపోతయా?" అంటరు. బడిల ముప్పై మంది పిల్లల మధ్యల ఒక పిల్ల ముందు టీచరమ్మ ఎంతసేపు కూసుంటదో మీరే లెక్కవెట్టుకోండ్రి. ఇంట్ల ఒక్కదాని ముందు ఒక్కదాన్ని కూసుంటున్న. నలభైల కూడ ఇరవై నిమిషాలే కూసోని చదివేది. మిగతాది ఆట.

[దృశ్యం: పళ్లెం దగ్గరి నుంచి. పిండి మీద ‘వల’ అనే మాట. పిల్ల అరచేతితో చెరిపేసి మళ్లీ రాస్తుంది.]

ఈ పళ్లెం నా తెలివి కాదు. బాసరల అక్షరాభ్యాసం చేపిచ్చినోళ్లకు తెలుసు, పంతులు పిల్ల వేలు పట్టుకొని బియ్యంల రాపిస్తడు. మనం ఆ ఒక్క దినం బియ్యంల రాపిచ్చి, తెల్లారి పెన్సిల్ చేతిలవెడ్తం. నేను ఆ బియ్యాన్నే ఏడాది సాగదీసిన. పిండి పలచగ పరవాలె, పళ్లెం అడుగు మెరుస్తుంటే అక్షరం తేటగ కనపడ్తది. వేలుకు బరువు లేదు, తప్పు రాస్తే రబ్బరు రుద్దే పని లేదు. పెన్సిల్ కూడ ఉన్నది, దినానికి ఒక్క గీతంత. అదీ అరిగిపోయిన పొట్టి ముక్క. పొట్టి ముక్కనైతే పిడికిలితోని పట్టుకోరాదు, వేళ్లతోనే పట్టుకోవాలె.

ఇంకొకటి. నేను ‘అ’తోని మొదలువెట్టలె. అ, ఆ, ఇ, ఈ వరుస నోటికి మంచిగుంటది, పాట లెక్క చదివియ్యొచ్చు. చేతికి మాత్రం ఆ వంకరలు కష్టం, పైగ వాటితోని వెంటనే ఒక మాట తయారు కాదు. నేను ఆరు అక్షరాలు తీసుకున్న: ల, వ, ప, త, క, ర. ఇవి వస్తే వల వస్తది, తల వస్తది, కల వస్తది, పలక వస్తది. గుణింతం లేకుండనే పిల్ల మాట చదివింది! కత కూడ రాసింది. అది ‘కథ’, పొట్టల చుక్క ఉంటదని తర్వాత చెప్పొచ్చు, ఇప్పుడు తొందరేమి?

ప, వ రెండూ తారుమారు చేస్తుండె. పక్కపక్కన రాసి తేడా నువ్వే చెప్పు అన్న. చాన సేపు చూసి, "దీని నోరు తెరిచి ఉన్నది, దీని నోరు మూసి ఉన్నది" అన్నది. అప్పటి నుంచి ప అంటే నోరు తెరిచింది, వ అంటే నోరు మూసింది. నేను గంట చెప్పినా అట్ల చెప్పకపోదును.

[తెర మీద: ఒకటో తరగతికి ముందు పిల్లలకు ఎంత రావాలి?]

భయపడే అమ్మలకు ఒక మాట. 2021 జులైల కేంద్ర ప్రభుత్వం చిన్న పిల్లలకు చదువుడు, లెక్కల పునాది గట్టిగ పడాలని నిపుణ్ భారత్ అనే కార్యక్రమం మొదలువెట్టింది. ఒకటో తరగతికి ముందటి ఏడు, అంటే ఐదు నుంచి ఆరేండ్ల పిల్లలకు, అందుల పెట్టిన లక్ష్యం చూడుండ్రి. అక్షరాలు, వాటి శబ్దాలు గుర్తువట్టాలె. రెండు మూడు అక్షరాల చిన్న మాటలు చదవాలె. పది దాక అంకెలు గుర్తువట్టి చదవాలె. వస్తువులను, జరిగిన సంగతులను వరుసల పెట్టాలె. గంతే! 99 దాక అంకెలు ఒకటో తరగతి లక్ష్యం. మా పెద్దది ఎల్‌కేజీల, నాలుగేండ్లప్పుడు, వంద దాక రాసింది కదా. అడిగితే పదిహేను చింతగింజలు సరిగ్గ లెక్కవెట్టరాలె.

చింతగింజలంటే యాదికొచ్చింది, ఇది మాత్రం మంచిగ వినుండ్రి.

[దృశ్యం: ఎత్తు బల్ల మీద మూత బిగించిన డబ్బా, అందులో చింతగింజలు.]

లెక్కలకు చింతగింజల కంటె మంచివి లేవు. ఓనగుంతల పీట కూడ ఉన్నది మా ఇంట్ల, గుంతకు నాలుగు చొప్పున పంచుకుంట పోతే కూడికలు అవే వస్తయి. కాని కింద పారాడే పిల్ల ఉన్న ఇంట్ల చింతగింజ అంటే ప్రమాదం. ఒక దినం ఆట అయినంక అన్నీ ఏరిన అనుకున్న. పొయ్యి కాడికి పోయి వచ్చేసరికి చిన్నదాని పెదవుల మధ్యల ఒకటి నల్లగ మెరుస్తున్నది. కనపడ్డది కాబట్టి తీసిన. కనపడకపోతే నోట్లె వేలు పెట్టి దేవులాడొద్దు, లోపటికి నెట్టినట్టయితది. ఆ దినమంత నా చేతులు వణికినయి.

అప్పటి నుంచి మూడున్నర సెంటీమీటర్ల కంటె చిన్న వస్తువు ఏదీ కింద ఉండది. చింతగింజలు, పల్లీలు, గచ్చకాయలు అన్నీ బల్ల మీదనే, చిన్నది తొట్టెల ఉన్నప్పుడే. పెట్టుకునేముందు లెక్క, తీసేటప్పుడు లెక్క. ఇరవై ఇచ్చిన, ఇరవై రావాలె. ఇది పెద్దదానికి లెక్కల పాఠం, నాకు కాపలా. ఆట బొమ్మలల్ల ఉండే బిళ్ల బ్యాటరీలైతే ఇంట్లనే లేకుండ చేసిన. అది మింగితే రెండు గంటలల్లనే అన్నవాహిక కాలొచ్చు, వెంటనే దవాఖానకు ఉరకాలె.

చిన్నది మేలుకొని ఉన్నప్పుడు లెక్కలు ఉల్లిగడ్డలతోని, ఆలుగడ్డలతోని. మింగరాదు, దొర్లిస్తే దానికీ ఆటే. ఇంక కొలతలు. మా అత్తమ్మ ఇచ్చిన ఇత్తడి సోల, తవ్వ, మానిక ఉన్నయి. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. బియ్యం పోసేటప్పుడు పెద్దదాన్నే కొలవమంట. మరి మానికెడు కావాలంటే ఎన్ని సోలలు అని అడిగిన. నోటితోని చెప్పలె, పోసి చూసి చెప్పింది. నాలుగు. ఆ నాలుగు ఇంక మర్చిపోదు.

ఇగ నడిపోని సంగతి. నిజం చెప్పాలంటే చిన్నదాని కంటె వీనితోనే కష్టం. చిన్నది పడుకుంటది. మూడేండ్లోడు పడుకోడు, ఊకోడు, అక్క ఏం చేస్తే అదే కావాలంటడు. మొదట్ల ఫోన్ ఇచ్చిన. రెండు నుంచి నాలుగేండ్ల పిల్లలకు తెర ముందట గంట దాటొద్దు, తక్కువైతే ఇంకా మంచిదంటరు. మావోనికి పది నిమిషాలకే కండ్లు పెద్దగైతయి, గుంజుకుంటే ఇల్లు పీకి పందిరేస్తడు. ఫోన్ మానేసి వానికి కూడ ఒక పళ్లెం పెట్టిన. పిండి కాదు, తడి బట్ట, చిన్న గిన్నె, గిన్నెల నీళ్లు. "పళ్లెం తోము కొడుకా" అంట. ఇరవై నిమిషాలు తోముతడు. ఇల్లు తడుస్తది, తడవనియ్యి.

వారంల మూడు నాలుగు దినాలు గల్లీల ఉన్న అంగన్‌వాడీకి పంపుత. "పెద్దదాన్ని ఇంట్ల పెట్టుకొని నడిపోన్ని పంపుడేంది?" అని నవ్వినోళ్లున్నరు. మూడు నుంచి ఆరేండ్ల పిల్లలకే కదా అక్కడ ఆటపాటల చదువు, కడుపు నిండ అన్నం, గుడ్డు. 1975 నుంచి ఉన్న ఏర్పాటు, వాడుకుంటే తప్పేంది? చిన్నదానికి బాలామృతం, అంటే పసిపిల్లల బలానికి ఇచ్చే పిండి, కూడ అక్కడి నుంచే, నెలకు రెండున్నర కిలోల ప్యాకెట్. ఏడు నెలల నుంచి మూడేండ్ల దాక ఇస్తరు. ముగ్గురికీ అన్నీ నేనే చెయ్యాలె అనుకుంటే పదిహేను దినాలల్ల మంచం పడ్త.

పాఠమే లేని దినాలు కూడ ఉంటయి. చిన్నదానికి పండ్లు వచ్చేటప్పుడు వారం దినాలు పదిన్నరకు నిద్రే పోలె. ఆ వారం పెద్దది చదివింది ఏం లేదు. బట్టలు మడత పెట్టింది, తమ్మునికి ‘కల’, ‘వల’ చెప్పింది, వాడు ‘వల’ని ‘వడ’ అంటే గద్దిచ్చింది. అంతే. తర్వాత చూస్తే ఏదీ మర్చిపోలె.

[దృశ్యం: ఖిలా వరంగల్, సాయంత్రం. రాతి తోరణం కింద పరుగెత్తుతున్న పిల్లలు.]

నెలకొకసారి ఆటోల ఖిలాకు పోతం. నాలుగు దిక్కుల నాలుగు కీర్తి తోరణాలు. పొద్దు గూకే దిక్కు ఏదో చూపించి, అటు పడమర, వీపు దిక్కు తూర్పు అని చెప్పిన. తక్కిన రెండు అది కనుక్కున్నది. గంటకంటె ఎక్కువ ఉండం, చంకల పిల్లతోని నా నడుము ఒప్పదు. బతుకమ్మ వస్తే ఇంట్లనే బడి. తంగేడు ఒక వరుస, గునుగు ఒక వరుస, మళ్ల తంగేడు. తర్వాత ఏది రావాలె అని అడుగుకుంట పేరిస్తే నిపుణ్ భారత్ల చెప్పిన ‘వరుస’ అదే.

[తెర మీద: చట్టం ఏమంటుంది?]

చివరికి చట్టం, చాన మంది అడుగుతున్నరు. 2009 విద్యాహక్కు చట్టం, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలు. అది ఆరు నుంచి పద్నాలుగేండ్ల పిల్లలకు. అంటే యూకేజీ ఈడు పిల్ల ఇంట్ల ఉంటే చట్టానికి అడ్డం కాదు. ఆరు నిండినంక పిల్లను దగ్గరి బడిల వేసే బాధ్యత తల్లిదండ్రులదని అదే చట్టం చెప్తది. ఇంటి చదువు అనే మాట అండ్ల ఎక్కడ లేదు. అందుకే నా మట్టుకు ఇది ఒక్క ఏడాది ముచ్చట. వచ్చే జూన్ల ఒకటో తరగతి. యూకేజీ చదవలేదని బుగులొద్దు. చేర్చుకునేటప్పుడు పిల్లకు గాని మనకు గాని పరీక్ష పెట్టొద్దని చట్టం చెప్తది. పెడితే మొదటిసారి 25,000 రూపాయల దాక జరిమానా. పుట్టిన తేదీ కాగితం లేదని కూడ పిల్లను వాపస్ పంపరాదు.

అయినా కాగితం ఉంటే మంచిదే. ఆధార్, ఫొటోలు ఒక కవర్ల పెట్టి బీరువాల పెట్టిన. జనన ధ్రువీకరణ పత్రంల మా ఆయన పేరుల ఒక అక్షరం తప్పు పడ్డది, దానికోసం వచ్చే వారం ఆయన సెలవు పెట్టాలె. పెద్దదానికి బడి సంగతి చెప్తే ఒక్కటే అడిగింది: "బడిల పిండి పళ్లెం ఉంటదా?"

తెల్వది బిడ్డా, అడుగుదాం అన్న.