పటిక, సున్నం, 480 నామినేషన్లు

(జాతీయ సైన్స్ దినోత్సవం సందర్భంగా ఒక డిగ్రీ కళాశాలలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, అధ్యాపకులకు, వెనక బెంచీల్లో సర్దుకుని కూర్చున్న మీ అందరికీ నమస్కారం.

బ్యానర్ మీద "నేటి సమస్యలు - శాస్త్రజ్ఞుల పాత్ర" అని రాశారు. ఆ పేరు పెట్టుకుంటే గ్లోబల్ వార్మింగ్ నుంచి కృత్రిమ మేధ దాకా అన్నీ ఒక చుట్టు చుట్టి రావచ్చు. నేను అలా చెయ్యను. నా ఉద్యోగమంతా నీటి పరీక్షల ల్యాబుల్లోనే గడిచింది కాబట్టి, నాకు తెలిసిన ఒక్క సమస్యే పట్టుకుంటాను. నల్గొండ ఫ్లోరైడ్. దాన్ని ఎవరు కనిపెట్టారు, ఎవరు పరిష్కారం చెప్పారు, ఆ పరిష్కారం ఊళ్లోకి వచ్చాక ఏమైంది, చివరికి నీళ్లు ఎలా వచ్చాయి, అంతే.

కథ నల్గొండలో మొదలవ్వలేదు. 1901లో అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌కు ఫ్రెడరిక్ మెకే అనే కుర్ర డెంటిస్టు ప్రాక్టీసు పెట్టడానికి వెళ్లాడు. అక్కడ పుట్టి పెరిగినవాళ్ల పళ్ల మీద గోధుమరంగు మచ్చలు. ఎవరినడిగినా సరైన జవాబు లేదు. ఆయన దాన్ని వదిలిపెట్టలేదు. నీళ్లలోనే ఏదో ఉందని అనుమానం, కానీ ఆ రోజుల్లో చేసే నీటి పరీక్షల్లో ఏమీ తేలేది కాదు. ముప్ఫై ఏళ్లు పట్టింది. 1931లో అల్యూమినియం కంపెనీ అల్కోవాలో పనిచేసే హెచ్.వి. చర్చిల్ అనే కెమిస్టు, కంపెనీ ఊరి నీళ్లను కొత్త పద్ధతిలో పరీక్షించి ఫ్లోరైడ్ అని తేల్చాడు. ఇందులో ఒక తమాషా ఉంది. ఆయన చేత కారణం వెతికించింది సేవాభావం ఒక్కటే కాదు. మచ్చలకు అల్యూమినియం గిన్నెలే కారణమని జనం అంటారేమోనని కంపెనీకి టెన్షన్. స్వార్థం కూడా అప్పుడప్పుడు సైన్సుకు పనికొస్తుంది, మీరు నోట్సులో రాసుకోకండి!

ఆ తర్వాత ఆరేళ్లకే మన దగ్గర బయటపడింది. 1937లో షార్ట్, ఆయన సహచరులు మద్రాసు ప్రెసిడెన్సీలో ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడ్ వల్ల పళ్లు, ఎముకలు చెడే జబ్బు, ఉందని ప్రచురించారు. వాళ్లు చూసిన ఊళ్లు ఆంధ్రలోని దర్శి, పొదిలి, కనిగిరి వైపువి. అంతకుముందే ఆ ప్రాంతంలో పశువుల్లో ఈ జబ్బు కనిపించింది. అరకకు కట్టిన ఎద్దులు కాళ్లు బిగుసుకుని నడవలేకపోతుంటే, కొత్త జత కొన్నా కొన్నాళ్లకు అవీ అంతే అవుతుంటే రైతులు గమనించారని చెబుతారు. మొదటి పరిశీలకుడు రైతే అన్నమాట. పేపర్ల మీద మాత్రం రైతు పేరు ఉండదు.

నల్గొండ గురించి హైదరాబాద్ వైద్యుడు ఎ.హెచ్. సిద్దిఖీ 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుపోయి, మెడ తిప్పలేక, నడుం వంగిపోయిన మనుషుల వివరాలు అందులో ఉన్నాయి. తర్వాత డాక్టర్ డి. రాజారెడ్డి ఏళ్ల తరబడి ఈ రోగుల నరాల మీద పనిచేశారు. ఎముక లోపలికి పెరిగి వెన్నుపామును నొక్కితే కాళ్లు చచ్చుబడతాయి. అది న్యూరోసర్జన్ దగ్గరికి వచ్చే కేసు. ఆయన మంచి నాణేల పరిశోధకుడు కూడా, శాతవాహనుల నాణేలంటే ప్రాణం. అది వేరే సభలో చెప్పుకోవాల్సిన సంగతి.

ఇంతకీ నల్గొండకే ఎందుకు? రాయి గ్రానైట్. అందులో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలు ఉంటాయి. నీళ్లు ఆ రాతి పగుళ్లలో ఎంత ఎక్కువకాలం నిలవుంటే అంత ఫ్లోరైడ్ కరుగుతుంది. నీళ్లలో కాల్షియం బాగా ఉంటే ఫ్లోరైడ్ దానితో కలిసి కొంత గట్టిపడి వేరవుతుంది. సోడియం, బైకార్బొనేట్ ఎక్కువై కాల్షియం తక్కువైన నీళ్లలో అది అలాగే కరిగి ఉండిపోతుంది. పైగా మన ఎండలకు మనిషి తాగే నీళ్లు ఎక్కువ. చెరువులు పూడిపోయి, చేదబావులు ఎండి, కరువు వచ్చినప్పుడల్లా ఇంకొంచెం లోతుగా బోరు వేసుకుంటూ పోయాం. దాహం తీర్చడానికి వేసిన బోరే నడుం వంచిందన్నమాట. ఈ పాపం ఒక్క మనిషిది కాదు. అప్పట్లో బోరింగు వేయించిన నాయకుడికి ఊళ్లో దండలు వేశారు.

తాగేనీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదు. ఒక మిల్లీగ్రాము లోపు ఉంటే మంచిదని మన బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) ప్రమాణం. దీనికి రంగు లేదు, వాసన లేదు, రుచి కూడా లేదు. ఊళ్లలో మేం వాడే కిట్ గులాబీ రంగు ద్రావణం. జిర్కోనియం, అలిజరిన్ కలిపి చేసింది. నీటి నమూనాలో కొన్ని చుక్కలు వేస్తే, ఫ్లోరైడ్ లేకపోతే ఆ గులాబీ అలాగే నిలుస్తుంది. ఉన్న కొద్దీ జిర్కోనియాన్ని ఫ్లోరైడ్ లాక్కుంటుంది, గులాబీ వెలిసి పసుపుకు తిరుగుతుంది. ఆ పసుపు తేలడం మొదలవ్వగానే చుట్టూ మూగిన పిల్లలు "అరె, రంగు మారింది" అని చప్పట్లు కొట్టేవాళ్లు. వాళ్లలో సగం మంది పళ్లు గారపళ్లు. ఒక పెద్దమ్మ నన్ను నిలదీసింది: "సారూ, ఈ బోరింగు నీళ్లు తియ్యగున్నయి గదా, మంచివి కాకుంటే ఎట్ల?" నిజమే. పక్క బావి ఉప్పునీళ్లు, ఈ బోరింగు నీళ్లు తియ్యన. ఆమె నాలుక చెప్పేదానికీ నా సీసా చెప్పేదానికీ పోటీ పెడితే ఎవరిని నమ్ముతుంది చెప్పండి?

1973లో ఇంకో చిక్కు బయటపడింది. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి లాన్సెట్ పత్రికలో ఒక పరిశీలన ప్రచురించారు. నల్గొండలో పదేళ్లు దాటిన పిల్లల మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగులుతున్నాయి. ఎక్స్‌రే తీస్తే కాలి ఎముకలు పలచబడి ఉన్నాయి. ఫ్లోరోసిస్ అంటే ఎముక గట్టిపడే జబ్బని పుస్తకాల్లో ఉంది. ఇక్కడేమో దానికి ఎదురు! జొన్న తినేవాళ్లలో ఇది ఎక్కువగా కనిపించింది. నాగార్జునసాగర్ కట్టాక భూగర్భ జలమట్టం పెరిగి, నేల క్షారత పెరిగి, జొన్న గింజల్లో మాలిబ్డినం అనే లోహం ఎక్కువై, దానివల్ల ఒంట్లో రాగి తగ్గి ఇలా అయిందా అని శాస్త్రజ్ఞులు దారం లాగారు. చివరి ముడి దాకా పూర్తిగా విప్పామని నేను అనను. కానీ మీరు చూడాల్సింది ఆ దారాన్ని. నీళ్లతో మొదలుపెట్టిన వాళ్లు ఆనకట్ట, నేల, జొన్నరొట్టె మీదుగా పిల్లవాడి మోకాలి దాకా వెళ్లారు. మీ సిలబస్‌లో ఇవి నాలుగు వేర్వేరు సబ్జెక్టులు.

అదే సంస్థ తర్వాత చింతపండు మీద పనిచేసింది. చింతపండు తిన్నప్పుడు మూత్రంలో బయటికి పోయే ఫ్లోరైడ్ పెరుగుతుందని వాళ్ల ప్రయోగాల్లో తేలింది. మన పులుసు, చారు పూర్తిగా వృథా పోలేదన్నమాట. అయితే చారు తాగుతున్నాం కదా అని అవే నీళ్లు తాగుతూ పోతే లాభం లేదు.

ఇప్పుడు అసలు చెప్పదలచుకున్న చోటికి వస్తాను. నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రజ్ఞులు, నవలఖే, కులకర్ణి, పాఠక్, బులుసు, 1975లో ఒక పద్ధతి ప్రచురించారు. దాని పేరే నల్గొండ టెక్నిక్. నీళ్లలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ వేసి కలపాలి. పటిక వల్ల ఏర్పడే దూదిలాంటి మడ్డి ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు దిగుతుంది. పై నీళ్లు వంచుకోవాలి. ఇంట్లో అయితే నలభై లీటర్ల బకెట్ చాలు, అడుగుకు కాస్త పైన కొళాయి బిగించాలి. పటికలో ఇరవయ్యో వంతు సున్నం. కలిపి ఓ గంట కదపకుండా వదిలెయ్యాలి. ఖరీదైన యంత్రం లేదు, విదేశీ రసాయనం లేదు, అంతా కిరాణా కొట్లో దొరికే సరుకే. ఈ పద్ధతి టాంజానియా, కెన్యా దాకా వెళ్లింది. ఆఫ్రికాలో నీటి ఇంజినీర్లు నల్గొండ అన్న మాట పలుకుతారు, కానీ ఆ ఊరు ఎక్కడుందో అడిగితే చెప్పలేరు.

కాగితం మీద ఒక్క తప్పు లేదు. మరి ఊళ్లో?

పటిక ఎంత వెయ్యాలన్నది ఫ్లోరైడ్‌ను బట్టి మాత్రమే కాదు, నీటి క్షారతను బట్టి కూడా మారుతుంది. లీటరులో ఫ్లోరైడ్ మూడు మిల్లీగ్రాములు, క్షారత నాలుగు వందల మిల్లీగ్రాములు ఉన్న నీళ్లకు లీటరుకు దాదాపు 0.4 గ్రాము పటిక కావాలి. ఎండాకాలం నీళ్లు మారితే లెక్క మారుతుంది. పంచాయతీలో ఈ లెక్క ఎవరు చూస్తారు? నీళ్లు వదిలే మనిషి. ఆయనే వాల్వులు తిప్పాలి, మోటారు కాలితే మెకానిక్‌ను పిలవాలి, వీధిలైట్లు చూడాలి, నెలాఖరున జీతం ఎప్పుడొస్తుందో కనుక్కోవాలి. పటిక తక్కువైతే ఫ్లోరైడ్ పోదు. ఎక్కువైతే నీళ్లు వగరెక్కి ఆడవాళ్లు బిందె అక్కడే దులిపేసి మళ్లీ పాత బోరింగుకే పోతారు. పటికలోని అల్యూమినియం కూడా నీళ్లలో హద్దు మించి మిగలవచ్చు. రోజూ దిగే మడ్డి ఎక్కడ పొయ్యాలి? అందులో ఫ్లోరైడ్ అంతా ఉంది. ప్లాంటు పక్క కాలవలో పోస్తే వానకు మళ్లీ భూమిలోకే. నేను చూసిన ఒక ప్లాంటులో మోటారు గదికి తాళం, తాళానికి తుప్పు, లోపల సున్నం బస్తా రాయిలా గట్టిపడి ఉంది. గోడ మీద మాత్రం మోతాదుల పట్టిక ఆయిల్ పెయింట్‌తో చక్కగా రాసి ఉంది, ఒక్క అక్షరం చెరగలేదు.

నీరి వాళ్లను తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. వాళ్లకిచ్చిన ప్రశ్నకు వాళ్లు మంచి జవాబిచ్చారు. రేపటి నుంచి రోజూ ఈ పని ఎవరు చేస్తారు, వాళ్ల జీతం ఎవరిస్తారు అన్న ప్రశ్న ఎవరూ వాళ్లను అడగలేదు. యాక్టివేటెడ్ అల్యూమినా ఫిల్టర్లు వచ్చాయి, వాటిని మళ్లీ మళ్లీ కాస్టిక్ సోడాతో, ఆసిడ్‌తో కడగాలి. ఆర్‌వో ప్లాంట్లు వచ్చాయి, అవి వదిలేసే చిక్కటి నీళ్లు మోరీలోకే. అన్నిట్లోనూ అదే ప్రశ్న మిగిలింది.

ఇక్కడ శాస్త్రజ్ఞుడు కాని ఒకాయన రంగంలోకి వచ్చారు. దుశర్ల సత్యనారాయణ. బ్యాంకు ఉద్యోగం వదిలి జల సాధన సమితి పెట్టారు. ఆయన వాదన సూటిగా ఉండేది. చెడ్డ నీళ్లు శుభ్రం చేసుకొమ్మని మాకెందుకు చెబుతారు, కృష్ణా నీళ్లు ఇవ్వండి. ఆలోచించండి, నాగార్జునసాగర్ ఈ జిల్లా గడ్డ మీదే ఉంది. ఎడమ కాలవ మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు పారుతుంది. మునుగోడు, మర్రిగూడ, దేవరకొండ వైపు నేల ఎత్తు, కాలవ ఎక్కదు. హైదరాబాద్‌కు కృష్ణా నీళ్లు తీసుకెళ్లే పెద్ద పైపులు తర్వాత ఈ జిల్లా మీదుగానే వెళ్లాయి.

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ స్థానానికి 480 మంది పోటీలో నిలిచారు. మంచినీళ్లు ఇవ్వనందుకు నిరసనగా ఫ్లోరైడ్ ఊళ్ల జనం నామినేషన్లు వేసి అంతమంది అభ్యర్థులయ్యారు. 480 పేర్లు, 480 గుర్తులు! మామూలు బ్యాలెట్ కాగితం మీద పడతాయా? ఎన్నికల యంత్రాంగం తల పట్టుకుంది. గెలిచింది సీపీఐ అభ్యర్థి బొమ్మగాని ధర్మభిక్షం. కానీ ఆ ఎన్నిక గుర్తుండిపోయింది ఓడినవాళ్ల వల్ల. అదే సంవత్సరం లోక్‌సభకు డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10,000కు పెంచారు. జనం నీళ్లడిగితే చట్టం ముందుగా డిపాజిట్ పెంచిందని నాకు అప్పుడూ నవ్వొచ్చింది, ఇప్పుడూ వస్తుంది. అయినా దేశం మొత్తం ఒకసారి నల్గొండ నీళ్ల వైపు తిరిగి చూసింది. మా ల్యాబు రిపోర్టులు ఏళ్ల తరబడి చెయ్యలేని పని అది. అయితే ఆ రిపోర్టులు లేకపోతే జనం చేతిలో అంకె ఉండేది కాదు. ఫలానా ఊరి బోరులో ఇన్ని మిల్లీగ్రాములు అని ధర్నాలో నిలబడి చెప్పాలంటే ఎవరో ఒకరు సీసా పట్టుకుని ఆ ఊరికి పోయి ఉండాలి.

తర్వాత నెమ్మదిగా కృష్ణా నీళ్లు కొన్ని ఊళ్లకు వచ్చాయి. 2015లో చౌటుప్పల్ దగ్గర మిషన్ భగీరథకు పైలాన్ కట్టారు. ఆ సంవత్సరం తెలంగాణలో ఫ్లోరైడ్ పీడిత ఆవాసాలు 967 అని, 2020 నాటికి సున్నా అని ప్రభుత్వ లెక్క. ఆ సున్నా పైపు చేరిన లెక్క. పైపు పగిలిన రోజున, ప్రెషర్ చాలని వీధి చివరన మనిషి ఏం తాగాడన్నది ఆ అంకెలో పట్టదు. పొలానికి ఇంకా బోరు నీళ్లే పారుతున్నాయి. వంగిన నడుం మంచినీళ్లతో నిటారు కాదు, ఆ తరానికి పింఛను, ఫిజియోథెరపీ, నొప్పి మందులు కావాలి. పాలు, ఆకుకూరలు, ఉసిరి, జామ తినమని, నల్ల ఉప్పు, డికాక్షన్ టీ తగ్గించమని వైద్యులు చెబుతారు. కాల్షియం, విటమిన్ సి బాగా అందితే ఫ్లోరైడ్ చేసే హాని కొంత తగ్గుతుంది. అయితే పాలు కొనే స్తోమత అన్ని ఇళ్లకూ ఉందా అనేది కూడా ఆ సలహాలో భాగమే కావాలి.

కెమిస్ట్రీ విద్యార్థులకు ఒక పని చెప్పి ముగిస్తాను. మీ ఊరి బోరు, మీ హాస్టల్ బోరు పరీక్ష చేయించండి. గాజు సీసా వద్దు, ఫ్లోరైడ్‌కు ప్లాస్టిక్ సీసానే వాడాలి. మోటారు వేసి మొదట వచ్చే నీళ్లు కాసేపు పోనివ్వండి. సీసాను అవే నీళ్లతో మూడుసార్లు తొలిచి, లీటరు నింపి మూత బిగించండి. ఊరు, బోరు ఉన్న చోటు, లోతు, తేదీ లేబుల్ మీద రాయండి. లోతు తెలియకపోతే బోరు వేయించిన రైతును అడగండి, ఆయనకు అడుగులతో సహా గుర్తుంటుంది. ఎండాకాలంలో ఒకటి, వానల తర్వాత ఒకటి తీయండి. ఫ్లోరైడ్‌తో పాటు క్షారత, కాల్షియం కూడా చూడమని ల్యాబులో అడగండి. రిపోర్టు రాగానే ఒక కాపీ పంచాయతీ కార్యదర్శికి ఇచ్చి, రసీదు తీసుకోండి. రసీదు మాత్రం మర్చిపోవద్దు.

ఇక ప్రశ్నలుంటే అడగండి. కిట్ తెచ్చాను, ఎవరి బాటిల్లోనైనా బోరు నీళ్లుంటే ముందుకు రండి, ఇప్పుడే చూద్దాం.